వడగళ్లు పడ్డ ఊళ్లో డెంట్ పని ఎలా వెతుక్కోవాలి: పదకొండేళ్ల అనుభవంతో సమాధానం

ప్రశ్న: అన్నా, నేను డాలస్ దగ్గర ఉంటాను. ఒక బాడీ షాపులో ఏడాదిగా పీడీఆర్ చేస్తున్నాను, అంటే పెయింట్ పోకుండా సొట్టలు తీసే పని. ఈ సీజన్ నుంచి వడగళ్లు పడ్డ ఊళ్లకు సొంతంగా వెళ్దామనుకుంటున్నా. ఏ యాప్ కొనాలి? ఎక్కడ పడిందో వెంటనే ఎలా తెలుస్తుంది? ఎంత తొందరగా అక్కడ ఉండాలి?

సమాధానం:

తమ్ముడూ, యాప్ సంగతికి తర్వాత వస్తాను. ముందు నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. యాప్ కొన్న ప్రతివాడూ మొదట్లో అదే తప్పు చేస్తాడు.

ఈ పనిలోకి వచ్చిన రెండో ఏడాది, ఏప్రిల్‌లో ఒక రాత్రి ఫోన్‌లో మ్యాప్ చూస్తున్నాను. టెక్సస్ పడమటి వైపు, వడగళ్లు పడ్డ దారిని చూపించే పెద్ద చార కనిపించింది. అంచులు ఎర్రగా, నడుమ ఊదారంగు. రెండున్నర అంగుళాలు అని రాసి ఉంది. నిద్ర పట్టలేదు. సొట్టలను లోపలి నుంచి నెట్టే రాడ్లు, లైట్లు వ్యాన్‌లో వేసుకుని ఐదు గంటలు నడిపాను. తెల్లారి చూస్తే ఆ చార మొత్తం పత్తి కోసం దున్ని ఉంచిన చేల మీదే పడింది. దాని కింద ఉన్న ఊరల్లా ఒక గ్యాస్ స్టేషను, ఒక చర్చి, ఓ ఇరవై ఇళ్లు. ఇళ్ల ముందు నాలుగు పికప్ ట్రక్కులున్నాయి. అద్దాలు పగిలిపోయి, హుడ్లు, అంటే బానెట్లు, మడతలు పడి, పెయింట్ చిట్లి ఉంది. నా రాడ్‌తో తీయగలిగిన సొట్ట ఒక్కటీ లేదు. మళ్లీ ఐదు గంటలు వెనక్కి.

వడగళ్లు ఎక్కడ పడ్డాయన్నది సగం ప్రశ్నే. అవి పడే నిమిషానికి ఆ చార కింద ఎన్ని కార్లున్నాయి, వాటిలో నెత్తిన కప్పు లేనివి ఎన్ని అన్నది మిగతా సగం. యాప్ నీకు మొదటి సగమే చెప్తుంది. నా ఇల్లు గడుస్తున్నది రెండో సగం మీద.

ముందు సైజు సంగతి. కరీంనగర్‌లో మా ఇంట్లో రాళ్ల వాన అంటాం. రేగ్గాయంత, ఉసిరికాయంత, నిమ్మకాయంత అని చెప్పుకుంటాం. ఇక్కడ నాణేలతో, బంతులతో చెప్తారు. పావు డాలర్ నాణెం అంటే 1 అంగుళం. గోల్ఫ్ బంతి 1.75, కోడిగుడ్డు 2, టెన్నిస్ బంతి 2.5, బేస్‌బాల్ 2.75. ఇవి నోటికి వచ్చేయాలి, ఎందుకంటే రిపోర్టులన్నీ ఈ భాషలోనే వస్తాయి. నేషనల్ వెదర్ సర్వీస్ 2010 నుంచి 1 అంగుళం, అంతకు మించినవాటినే తీవ్రమైన వడగళ్లుగా లెక్కిస్తోంది. అంతకుముందు ముప్పావు అంగుళమే ఉండేది. మనకూ దాదాపు అదే గీత. దాని కిందివి పల్చని హుడ్ మీద తప్ప పెద్దగా సొట్ట పెట్టవు.

ఎంత సైజు దాటితే మనకు పని ఉండదో ఆ పై హద్దు ఎవరూ చెప్పరు, అది నేను చెప్తాను. 1 అంగుళం నుంచి గోల్ఫ్ బంతి దాకా ఉన్నవి మామూలుగా గంటకు 25 నుంచి 40 మైళ్ల వేగంతో పడతాయి. 2 నుంచి 4 అంగుళాలవి 44 నుంచి 72 మైళ్ల వేగం అందుకుంటాయి. పైగా వడగల్లు వ్యాసం రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే గోల్ఫ్ బంతి దాటాక సొట్ట పెద్దదవడమే కాదు, రేకు సాగిపోతుంది. సాగిన రేకును మన రాడ్‌తో వెనక్కి తేలేం. అద్దాలు పోతాయి, రూఫ్ మార్చాల్సి వస్తుంది, పాత కారైతే బీమావాళ్లు టోటల్ లాస్ అని రాసేస్తారు. వార్తల్లో బేస్‌బాల్ సైజు అని చూపించిన ఊరి నడిమధ్య కన్నా, దానికి నాలుగైదు మైళ్ల అవతల పావు డాలర్ సైజు పడ్డ కాలనీలోనే మనకు పని ఎక్కువ. నేను చార అంచుల్లోనే వెతుకుతాను.

ఇక వేళ. రెండు పెద్ద వానలు పక్కపక్కన పెట్టి చూడు. 2017 మే 8న డెన్వర్ మీద పడింది సోమవారం మధ్యాహ్నం, సుమారు మూడు గంటల వేళ. జనం ఆఫీసుల్లో, షాపుల్లో ఉన్నారు, కార్లన్నీ బయట పార్కింగ్‌లలో ఉన్నాయి. నష్టం 230 కోట్ల డాలర్లని అంచనా. లేక్‌వుడ్‌లోని కొలరాడో మిల్స్ మాల్ నెలల తరబడి మూతపడి, ఆ నవంబర్‌లో గానీ తెరుచుకోలేదు. దానికి ఏడాది ముందు, 2016 ఏప్రిల్ 12న శాన్ ఆంటోనియో మీద పడింది రాత్రి పూట. అప్పటికి కార్లు ఇళ్లు చేరాయి. అయినా దాదాపు 136 కోట్ల డాలర్ల బీమా నష్టంలో 56 కోట్ల దాకా వాహనాలదే. గరాజ్‌లో సామాను నింపుకుని కారు డ్రైవ్‌వేలో పెట్టేవాళ్లు ఎంతమందో, మూడో కారు ఎప్పుడూ బయటే ఉండే ఇళ్లు ఎన్నో, కవర్డ్ పార్కింగ్‌కి నెలకు అదనంగా కట్టలేని అపార్ట్‌మెంట్ జనం ఎంతమందో దీన్నిబట్టే అర్థమవుతుంది. మధ్యాహ్నం పడితే ఆఫీస్ పార్కులు, మాల్స్, కాలేజీలు, ఆసుపత్రులు, ఎయిర్‌పోర్ట్ పార్కింగ్ చూడు. రాత్రి పడితే అపార్ట్‌మెంట్లు, పాత కాలనీలు చూడు. ఆదివారం పదింటికి పడితే చర్చిలు. కార్ల డీలర్ల స్టాకు ఏ వేళైనా ఎండలోనే ఉంటుంది గానీ, అది చాలావరకు ముందే ఒప్పందాలు చేసుకున్న పెద్ద కంపెనీలకు వెళ్తుంది. ఒంటరిగా వెళ్లి డీలర్ గుమ్మం దగ్గర నిలబడితే టైమ్ వృథా.

ఇప్పుడు ట్రాకింగ్. నేను చేసే వరుసలోనే చెప్తాను.

ఓక్లహోమాలో నార్మన్ ఊళ్లో స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ ఉంది. దాని వెబ్‌సైట్ ఉచితం. రాబోయే ఎనిమిది రోజులకు ఎక్కడ ఉరుములతో పెద్ద గాలివానలు రావచ్చో మ్యాప్ వేస్తారు. నాలుగో రోజు నుంచి ఎనిమిదో రోజు దాకా ఉన్నదాన్ని నేను ప్రయాణానికి వాడను, ఒప్పుకున్న పనులు సర్దుకోవడానికి మాత్రమే చూస్తాను. ఏ రోజుకారోజు వేసే మ్యాప్‌ను ఐదుసార్లు మారుస్తారు. మన వేసవి టైమ్‌లో రాత్రి 1, పొద్దున 8, పదకొండున్నర, మధ్యాహ్నం 3, రాత్రి 8. నాకు ముఖ్యం పదకొండున్నరది. మొత్తం ప్రమాద స్థాయిని చూపించే రంగుల మ్యాప్ చూసి ఆగిపోవద్దు, అందులో టోర్నడో, గాలి అన్నీ కలిసి ఉంటాయి. వడగళ్లకు విడిగా శాతాల మ్యాప్ ఉంటుంది, దాన్ని తెరువు. 15 శాతం అంటే తక్కువనుకోకు. ఏ చోటు తీసుకున్నా దాని చుట్టూ 25 మైళ్ల లోపల పడే అవకాశం అది. దాని మీద ఏటవాలు గీతలు గీసి ఉంటే 2 అంగుళాలు, ఆపైన పడవచ్చని అర్థం.

వాన మొదలయ్యాక రాడార్. రాడార్‌స్కోప్ లాంటి యాప్ ఒకటి చాలు. దేశమంతా దాదాపు 160 రాడార్లున్నాయి. 2013 నాటికి వాటన్నిటినీ రెండు దిశల తరంగాలు పంపేలా మార్చారు. అప్పటి నుంచి వాన చుక్కనూ వడగల్లునూ విడదీసి చూడటం తేలికైంది. వాన చుక్క కింద పడేటప్పుడు అడ్డంగా చదునవుతుంది. వడగల్లు దొర్లుతూ పడుతుంది కాబట్టి రాడార్‌కు గుండ్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది. ప్రతిధ్వని బాగా బలంగా ఉండి, ఆకారం గుండ్రంగా కనిపిస్తున్న చోట వడగళ్లున్నాయని లెక్క.

డబ్బు కట్టి కొనే హెయిల్‌ట్రేస్, హెయిల్ రీకాన్ లాంటి మ్యాప్‌లు ప్రధానంగా ఈ రాడార్ సమాచారం మీదే నడుస్తాయి. కొన్ని సంస్థల్లో వాతావరణ నిపుణులు వాటిని చేత్తో సరిచేస్తారు. సీజన్‌లో నేనూ ఒకటి కొంటాను, వద్దనను. కానీ ఆ అంగుళాల అంకె ఎలా పుట్టిందో తెలుసుకుని కొను. దానికి మూలమైన లెక్క పేరు మెష్. పడగలిగిన అతిపెద్ద వడగల్లు ఎంత ఉండొచ్చో అది చెప్తుంది. నిజంగా నేల మీద చూసినవాటిలో నాలుగింట మూడొంతులు తనకన్నా చిన్నవిగా ఉండేలా ఆ లెక్కను మొదట్లోనే కట్టారు. అంటే మ్యాప్‌లో 2 అంగుళాలు అని ఉంటే వీధిలో ఎక్కువగా పడినవి అంతకన్నా చిన్నవే అనుకో. రాడార్‌కు దూరమయ్యేకొద్దీ ఇంకో తేడా వస్తుంది. భూమి గుండ్రం కాబట్టి, 100 మైళ్ల దూరంలో రాడార్ పంపే అన్నిటికన్నా కింది కిరణం కూడా నేలకు దాదాపు 10 వేల అడుగుల పైన పోతుంది. అంత ఎత్తులో చూసిన వడగల్లు కిందికి వచ్చేలోపు కరుగుతుంది, గాలికి పక్కకు కొట్టుకుపోతుంది. చార ఒక మైలు అటో ఇటో జరిగి ఉండొచ్చు. మైలు జరిగితే చాలు, నువ్వు వెతుకుతున్న కాలనీ ఎండిపోయి ఉంటుంది.

అందుకే మ్యాప్ పక్కన రిపోర్టులు తెరిచి పెట్టుకో. అదే సెంటర్ రోజువారీ రిపోర్టులు ఇస్తుంది. రోజు లెక్క మన వేసవి టైమ్‌లో పొద్దున 7 నుంచి మర్నాడు పొద్దున 7 దాకా. తేదీ చూసేటప్పుడు పొరబడకు, అర్ధరాత్రి దాటాక పడ్డది ముందు రోజు పేజీలోనే ఉంటుంది. రిపోర్టులు జనం ఉన్న చోటి నుంచే వస్తాయి. చేల మీద పడ్డదాన్ని ఎవరూ చెప్పరు. మన పనికి అది మంచిదే. ఒకే చార మీద అరగంటలో పదిహేను రిపోర్టులు వచ్చాయంటే అక్కడ మనుషులున్నారు, మనుషులుంటే కార్లున్నాయి. ఒకేఒక్క రిపోర్టు నాలుగు అంగుళాలు అని వస్తే నేను కదలను.

ఇవన్నీ కలిసొచ్చినా మర్నాడు నేల మీద చూసుకోకుండా ఎవరికీ మాట ఇవ్వను. చెట్ల కింద చూడు. చిరిగిన పచ్చి ఆకులు, చిన్న కొమ్మలు రోడ్డంతా పరుచుకుని ఉండాలి. వీధి మూలల్లో ఆకుపచ్చ కరెంటు పెట్టెలుంటాయి కదా, వాటి పైభాగం మీద దుమ్ము పట్టిన రంగు లేచిపోయి గుండ్రని మచ్చలుంటాయి. మచ్చ సైజును బట్టి వడగల్లు సైజు అంచనా వేయొచ్చు. మచ్చలు ఏ పక్క ఎక్కువున్నాయో చూస్తే గాలి ఎటు నుంచి కొట్టిందో తెలుస్తుంది. ఉత్తరం పక్క ఎక్కువుంటే, ఉత్తరం వైపు తలుపులున్న కార్లకు రూఫ్‌తో పాటు తలుపులకూ, పైన రెయిల్స్‌కీ పని ఉంటుంది.

ఒకసారి డాలస్ పక్కన ఇర్వింగ్‌లో మనవాళ్లు ఎక్కువగా ఉండే అపార్ట్‌మెంట్‌లో, మేనేజర్‌ని అడిగి, రాత్రి తొమ్మిదింటికి పార్కింగ్‌లో చూశాను. వెండి రంగు క్యామ్రీ. ట్యూబ్ లైటు వెలుతురులో అద్దంలా ఉంది. ఓనర్ కూడా తన కారుకేం కాలేదనే అనుకున్నాడు. చారల లైట్‌ను హుడ్ మీద ఏటవాలుగా పట్టి మెల్లగా జరిపాను. వెలుగు గీతలు తిన్నగా వస్తూ వస్తూ ఒక్కచోట గోరంత గుంటలోకి లోపలికి లాగినట్టు వంగాయి, మళ్లీ తిన్నగా అయ్యాయి. ఇంకో చేతి వెడల్పు జరిపితే ఇంకొకటి. ఆయన వంగి, నా చెంప పక్కనే తల పెట్టి చూశాడు. లెక్కపెడుతూ పోతే హుడ్ మీద ముప్పై ఎనిమిది తేలాయి. రూఫ్ మీద ఇంకా ఎక్కువ. "ఇన్నున్నాయా అన్నా" అన్నాడు. నేను మాట్లాడలేదు, లైట్ ఆయన చేతికే ఇచ్చాను. ఆ వారం ఆ ఒక్క అపార్ట్‌మెంట్ నుంచే తొమ్మిది కార్లు వచ్చాయి. నిజం కనిపించేలా చూపిస్తే నువ్వు ఏమీ అమ్మక్కర్లేదు.

ఎంత తొందరగా వెళ్లాలన్నావు. వాన కిందికి మాత్రం వెళ్లకు. నువ్వు తుఫాను ఫొటోలు తీసేవాడివి కాదు. వడగళ్లు పడే చోటి పక్కనే టోర్నడో ఉండొచ్చు, రోడ్డు మీద నీళ్లు ఉండొచ్చు. నీ వ్యాన్ అద్దం పోతే నీ సీజన్ అక్కడే ఆగుతుంది. మొదటి రెండు మూడు రోజులు ఆ ఊళ్లో ఉండేది సేల్స్ మనుషులు. జనం ఇంకా బీమాకు ఫోన్ చేసే పనిలోనే ఉంటారు. పెద్ద ఊళ్లో పడితే కార్లు నెలల తరబడి వస్తూనే ఉంటాయి. రెండో వారంలో చేరినా నీకు పని ఉంటుంది, కానీ చేయడానికి చోటు ఉండాలి. ఆ చోటే అసలు కష్టం. హోటల్ పార్కింగ్‌లో కారు రూఫ్ లోపలి గుడ్డ దించి, లైట్లు విప్పి పని చేయలేవు. జనవరి, ఫిబ్రవరిలో పని లేనప్పుడు ఊరూరా చిన్న బాడీ షాపులకు ఫోన్ చేసి, ఒకసారి వెళ్లి కలిసి, ఒక సొట్ట వాళ్ల కళ్ల ముందే తీసి చూపించి రావాలి. మార్చి, ఏప్రిల్‌లో టెక్సస్, మేలో ఓక్లహోమా, కాన్సస్, జూన్‌లో నెబ్రాస్కా, కొలరాడో, జులై, ఆగస్టులో డకోటాలు. సీజన్ మామూలుగా ఇలా ఉత్తరానికి జరుగుతుంది. ఆ దారిలో నీకు ఏడెనిమిది షాపుల్లో పరిచయం ఉంటే, వాన పడ్డ మర్నాడు ఫోన్ వాళ్లే చేస్తారు. ఇంతకు మించిన ట్రాకింగ్ నాకు తెలియదు.

షాపుతో నీ వాటా ఎంత, ఎప్పుడిస్తారు, సామాను విప్పి బిగించే పని ఎవరిది, ఇవన్నీ కాగితం మీద రాయించుకో. ఒక షాపులో నోటి మాట మీద ఆరు వారాలు చేశాను. చివరి రెండు వారాల డబ్బు ఈ రోజుకీ రాలేదు. ఇప్పుడు ప్రతి శుక్రవారం లెక్క తేలకపోతే సోమవారం రాడ్ పట్టను.

బీమా విషయం నీకు షాపులో కొంత తెలిసే ఉంటుంది. వడగళ్ల నష్టం కాంప్రహెన్సివ్ పాలసీలోకి వస్తుంది, కారు గుద్దుకుంటే వర్తించే కొలిజన్‌లోకి కాదు. కాబట్టి అడ్రస్ రాసుకునే ముందే కస్టమర్‌ను ఆ పాలసీ ఉందా, డిడక్టిబుల్, అంటే తను సొంతంగా కట్టాల్సిన వాటా, ఎంత అని అడుగు. బీమా కంపెనీ తరఫున నష్టం చూసే అడ్జస్టర్ ఎండలో రాసిన మొదటి ఎస్టిమేట్‌లో సొట్టలు సగం కనిపించవు. లైట్ కింద మళ్లీ లెక్కపెట్టి, ప్యానెల్ వారీగా ఎన్ని, ఏ నాణెమంత అని ఫొటోలతో సప్లిమెంట్, అంటే అదనపు ఎస్టిమేట్, పంపాలి. అల్యూమినియం అయితే విడిగా రాయి. ఫోర్డ్ ఎఫ్-150 బాడీ 2015 మోడల్ నుంచి అల్యూమినియమే. అది మొండిగా ఉంటుంది, వేడి పెట్టి ఓపిగ్గా తీయాలి, దానికి అదనపు రేటు అడగడం న్యాయం. అయితే లేని సొట్ట ఒక్కటి కూడా రాయకు. హుడ్ మీద నాలుగు దెబ్బలు తనే కొట్టి లెక్క పెంచేవాళ్లను నేను కళ్లారా చూశాను. అది దొంగతనం. "డిడక్టిబుల్ మేమే కడతాం" అని బోర్డు పెట్టే పని కూడా చేయకు. దాని మీద రాష్ట్రానికో చట్టం ఉంది, ఏ రాష్ట్రానికి వెళ్తే అక్కడిది ముందు చదువుకో. ఊళ్లో పని చేయడానికి పర్మిట్, సేల్స్ ట్యాక్స్ కాగితాలూ అంతే.

నువ్వు అడగలేదు గానీ, చదివే మనవాళ్ల కోసం ఇంకొకటి రాయాలి. నువ్వు ఏ వీసా మీద ఉన్నావో నాకు తెలియదు. హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీ పని తప్ప ఇంకో పని చేయకూడదు. శనివారం అయినా, క్యాష్ అయినా అంతే. ఎఫ్‌1 విద్యార్థులు కూడా సరదాగా రెండు కార్లు చేద్దామని దిగొద్దు. ఎంతో కష్టపడి వచ్చిన స్టేటస్ రెండు హుడ్ల కోసం పోగొట్టుకున్న పిల్లవాడి తల్లితో ఫోన్‌లో మాట్లాడాను, ఆ బాధ ఇంకెవరికీ వద్దు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు, హెచ్‌4 మీద ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు, చేతిలో ఉన్నవాళ్లు చేసుకోవచ్చు. కెనడాకైతే వేరే వర్క్ పర్మిట్ కావాలి. 2024 ఆగస్టు 5న కాల్గరీలో పడ్డప్పుడు దాదాపు 280 కోట్ల కెనడా డాలర్ల బీమా నష్టమని అప్పట్లో అంచనా వేశారు. అక్కడ అంత పని ఉందని తెలిసి కూడా నేను వెళ్లలేదు, నా దగ్గర ఆ కాగితం లేదు కాబట్టి.

ఇక నీ యాప్. ఇప్పుడే ఏమీ కొనకు. ముందు ఉచితంగా ఒక పని చెయ్యి. స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ పాత రిపోర్టుల్లో 2016 ఏప్రిల్ 11 తెరువు. ఆ సోమవారం సాయంత్రం మీ పక్కనే వైలీ ఊరి మీద బేస్‌బాల్ కన్నా పెద్దవి, సాఫ్ట్‌బాల్ సైజు వడగళ్లు పడ్డాయి. రిపోర్టుల్లోని చోట్లను, టైమ్‌లను కాగితం మీద మ్యాప్‌లో గుర్తు పెట్టి, చార ఎటు నుంచి ఎటు నడిచిందో గీయి. తర్వాత నువ్వే ఆ దారిలో కారులో తిరుగు. సోమవారం ఆ వేళకు ఎవరి కారు ఎక్కడ ఉండి ఉంటుంది, కవర్డ్ పార్కింగ్ లేని అపార్ట్‌మెంట్లు ఏవి, పక్క ఊళ్లలో గోల్ఫ్ బంతి కన్నా చిన్నవి పడ్డ వీధులు ఏవి అని రాసుకో. నేనైతే ఎక్కడ ఆగేవాడినో నా కాగితం మీద రాసి పెట్టుకున్నాను. నీది పంపు, రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం.